నీళ్ళలో దించిన స్ఫటికం

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఔత్సాహిక రేడియో వాళ్ళకు ఒక చిట్కా తెలుసు. ప్రసార పౌనఃపున్యాన్ని నిలకడగా ఉంచే క్వార్ట్జ్ బిళ్ళ కావలసినదానికన్నా కొంచెం ఎక్కువ వేగంతో కంపిస్తుంటే, డబ్బా విప్పి, బిళ్ళ మీద పెన్సిల్‌తో చిన్న గీత గీసేవారు. అంటుకున్న గ్రాఫైట్ బరువుకు కంపనం నెమ్మదించి, పౌనఃపున్యం దిగివచ్చేది. మరీ దిగిపోతే తుడిచేస్తే సరిపోయేది. పెన్సిల్ గీతకు కూడా బరువుంటుందని, ఆ బరువును ఒక రాతిపలక పసిగడుతుందని వాళ్ళకు చేతిపనిలోనే తెలిసింది.

అదే బిళ్ళ మీద నీటిచుక్క పడితే మాత్రం చిక్కే. తడిసిన స్ఫటికాన్ని ఆడించే బలం ఆనాటి డోలకాలకు సాధారణంగా ఉండేది కాదు. అందుకే కర్మాగారాల్లో స్ఫటికాలను తేమ సోకకుండా డబ్బాల్లో బిగించేవారు. క్వార్ట్జ్‌కు తడి శత్రువన్న నమ్మకం దశాబ్దాల పాటు నిలిచింది. ఆ తడినే, అంటే ద్రవాల చిక్కదనాన్నీ సాంద్రతనూ కొలిచే సాధనంగా అదే స్ఫటికం మారిన తీరు ఇరవయ్యో శతాబ్దపు ప్రయోగశాలల చరిత్రలో చెప్పుకోదగిన ఘట్టం. అందులో వాల్తేరుకూ కొంత చోటుంది.

మొదలు పారిస్‌లో. 18వ శతాబ్దం తొలినాళ్ళలో డచ్చి వర్తకులు సింహళం నుంచి యూరప్‌కు టూర్మలిన్ రాళ్ళు తీసుకెళ్ళారు. వేడి చేస్తే అవి బూడిదను తమవైపు లాక్కునేవి. వేడి వల్ల విద్యుదావేశం పుట్టే రాళ్ళలో ఒత్తిడి వల్ల కూడా అది పుట్టాలి కదా అని జాక్ క్యూరీ, పియర్ క్యూరీ అనే అన్నదమ్ములు ఆలోచించారు. 1880లో ఈ ఫలితాన్ని ప్రకటించేనాటికి జాక్‌కు 24 ఏళ్ళు, పియర్‌కు 21. టూర్మలిన్, తెలుగునేల మీద పలుగురాయి అని పిలిచే క్వార్ట్జ్, పుష్యరాగం, రోషెల్ లవణం, ఆఖరికి చెరకు పంచదార స్ఫటికం కూడా నొక్కితే ఆవేశాన్నిచ్చాయి. మరుసటి ఏడాది గేబ్రియెల్ లిప్‌మన్ దీనికి ఎదురు మార్గం కూడా ఉండాలని లెక్క కట్టాడు: విద్యుత్తు ఇస్తే స్ఫటికం ఆకారం మార్చుకోవాలి. సోదరులు దాన్నీ నిరూపించారు. నొక్కితే విద్యుత్తు, విద్యుత్తు ఇస్తే కదలిక. ఆ తర్వాత ఈ రంగంలో వచ్చిన పరికరాలన్నిటికీ ఈ రెండే పునాది.

క్వార్ట్జ్ తొలిసారి పెద్ద పనికి దిగింది నీళ్ళలోనే కావడం గమనించాలి. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ జలాంతర్గాములను పసిగట్టడానికి పాల్ లాంజెవిన్ ఉక్కు పలకల మధ్య క్వార్ట్జ్‌ను అతికించి, సముద్రంలోకి అతిధ్వనులను పంపే సాధనం తయారుచేశాడు. కానీ అక్కడ నీరు ధ్వనిని మోసే దారి మాత్రమే. నీటి గుణమేమిటని స్ఫటికాన్ని ఎవరూ అడగలేదు. అదే యుద్ధకాలపు పరిశోధనలోకి దిగిన అమెరికన్ అధ్యాపకుడు వాల్టర్ కేడీ స్ఫటికాలు తమ సహజ పౌనఃపున్యం దగ్గర విద్యుత్ వలయాన్నే శాసిస్తాయని గమనించి, 1920ల తొలినాళ్ళలో క్వార్ట్జ్ అనునాదకాన్ని లోకానికి అందించాడు. రేడియో కేంద్రాలు, ఆ తర్వాత క్వార్ట్జ్ గడియారాలు ఈ దారినే వచ్చాయి.

ద్రవాన్ని ప్రశ్నించడం 1920ల చివర్లో మొదలైంది. అమెరికాలో హబ్బర్డ్, లూమిస్ 1928లో ప్రచురించిన పద్ధతి ఇది: పాత్ర అడుగున క్వార్ట్జ్ బిళ్ళ, పైన ఒక పరావర్తక పలక, మధ్యలో ద్రవం. పలకను మైక్రోమీటరు మరతో మెల్లగా కదిపితే, ప్రతి అర తరంగదైర్ఘ్యానికీ స్ఫటికం మీది భారం మారి మీటరు ముల్లు ఊగుతుంది. ఆ దూరాల నుంచి ద్రవంలో ధ్వని వేగం తెలుస్తుంది. ధ్వని వేగం, సాంద్రత తెలిస్తే ద్రవం ఎంత నొక్కుడు పడుతుందో చెప్పవచ్చు. ఇప్పటికీ మన విశ్వవిద్యాలయాల ఎమ్మెస్సీ భౌతికశాస్త్ర ప్రయోగశాలల్లో అల్ట్రాసోనిక్ ఇంటర్‌ఫెరోమీటర్ పేరుతో విద్యార్థులు చేసే ప్రయోగం ఇదే. 2 మెగాహెర్ట్జ్ స్ఫటికంతో నీటిలో పలకను సుమారు 0.37 మిల్లీమీటర్లు జరిపినప్పుడల్లా ముల్లు కదులుతుంది.

1932లో అమెరికాలో డిబై, సియర్స్, ఫ్రాన్స్‌లో లూకా, బికార్ ఇంకో వింత చూశారు. స్ఫటికం అతిధ్వనులు పంపుతున్న ద్రవం గుండా కాంతిని పంపితే అది చారలుగా విడిపోతోంది. ధ్వని తరంగాలే గీతల జాలకంలా పనిచేస్తున్నాయి. దీని సిద్ధాంతాన్ని 1935, 1936 సంవత్సరాల్లో సి.వి. రామన్, నాగేంద్రనాథ్ బెంగుళూరులో పూర్తిచేశారు.

రామన్ దగ్గర కలకత్తాలో పనిచేసి వచ్చిన సూరి భగవంతం అప్పటికి వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉన్నారు. స్ఫటికాల సౌష్ఠవం మీద ఆయన చేసిన పని ప్రపంచానికి తెలిసినదే. ఆ విశ్వవిద్యాలయంలో క్వార్ట్జ్ ముక్కలతో జరిగిన పని గురించి మాత్రం మనవాళ్ళు తక్కువగా చెప్పుకుంటారు. 1940లలో భీమసేనాచార్‌తో కలిసి ఆయన వాడిన స్ఫటికం ఒకే మందంతో ఉండేది కాదు. ఒక అంచు పలచగా, రెండో అంచు దళసరిగా, చీలలాగా కోసింది. ఏ పౌనఃపున్యం ఇచ్చినా ఆ మందానికి తగిన చోట అది కంపిస్తుంది గనక ఎన్నో బిళ్ళల పని ఒక్క ముక్కతో జరిగేది. దానితో ఘనపదార్థాల స్థితిస్థాపక స్థిరాంకాలు కొలిచారు. 1948లో భగవంతం, బి. రామచంద్రరావు అత్యధిక పౌనఃపున్యం గల అతిధ్వనులతో కాంతి వివర్తనం గురించి 'నేచర్' పత్రికలో రాశారు. పెద్ద దేశాల్లోని పరికరాలేవీ అందుబాటులో లేని రోజుల్లో, సముద్రతీరపు ఒక కొత్త విశ్వవిద్యాలయంలో ఇది జరగడం తెలుగువారు గర్వించదగిన సంగతి.

అయితే ఈ పద్ధతులన్నీ చెప్పేది ద్రవంలో ధ్వని ఎంత వేగంగా పోతుందన్నదే. చిక్కదనం వేరే సంగతి. లడ్డూలకు పాకం పట్టేవాళ్ళు వేళ్ళ మధ్య తీగ సాగుతోందా అని చూసేది ధ్వని వేగాన్ని కాదు, స్నిగ్ధతను. దాన్ని కొలవాలంటే ద్రవాన్ని నొక్కితే చాలదు, ఒరిపిడి పెట్టి లాగాలి.

ఆ పని స్ఫటికం చేత చేయించినవాడు బెల్ ప్రయోగశాలలకు చెందిన వారెన్ మేసన్. 1947లో ఆయన స్ఫటికపు కడ్డీని ద్రవంలో ముంచి, దాన్ని తన అక్షం చుట్టూ మెలికపడేలా కంపింపజేశాడు. కడ్డీ ఉపరితలం ముందుకూ వెనక్కూ తిరుగుతుంటే పక్కనున్న ద్రవం దాన్ని పట్టి లాగుతుంది. ఆ లాగుడుకు స్ఫటికపు విద్యున్నిరోధం పెరుగుతుంది, పౌనఃపున్యం తగ్గుతుంది. ఈ రెండు మార్పుల నుంచి ఆయన ద్రవపు స్నిగ్ధతను లెక్కకట్టాడు. రెండేళ్ళ తర్వాత మేసన్ బృందం ఇంకో అడుగు వేసింది. పాలీ ఐసోబ్యుటిలీన్ వంటి పొడవాటి అణువుల ద్రవాలు, సెకనుకు వేలసార్లు అటూ ఇటూ లాగితే, కొంత ఘనపదార్థంలాగా తిరిగి తన్నుతాయని చూపించింది. నెమ్మదిగా పోస్తే జారే ద్రవం వేగంగా కదిపితే బిగుసుకుంటుంది. మామూలు గాజుగొట్టపు స్నిగ్ధతామాపకంలో ఈ గుణం అసలు కనబడదు.

మేసన్ పనికి దక్కవలసినంత పేరు దక్కలేదు. పరిశ్రమల దృష్టి అప్పటికి రేడియో స్ఫటికాల మీద ఉంది. 1934లో కనిపెట్టిన ఏటీ కోత, అంటే స్ఫటిక అక్షానికి సుమారు 35 డిగ్రీల కోణంలో కోసిన పలుచని బిళ్ళ, ఉష్ణోగ్రత మారినా పౌనఃపున్యాన్ని పెద్దగా మార్చుకోదు. యుద్ధకాలంలో బ్రెజిల్ క్వార్ట్జ్‌తో అమెరికాలో ఇలాంటి బిళ్ళలు కోట్ల సంఖ్యలో తయారయ్యాయి. సైన్యానికి చేరిన బిళ్ళల్లో చాలావాటి పౌనఃపున్యం కొన్నాళ్ళకే మారిపోయేది. అరగదీసినప్పుడు ఉపరితలం మీద మిగిలిన నలిగిన పొర తేమ తగిలి చెదరడమే కారణమని తేలింది. చివరి పొరను ఆమ్లంతో కరిగించి తీసేయడంతో సమస్య తీరింది. క్వార్ట్జ్ తన ఉపరితలం మీద జరిగే అతి చిన్న మార్పును కూడా దాచుకోలేదని ఆ యుద్ధకాలపు బాధే నేర్పింది.

దాన్ని సూత్రంగా మలచినవాడు గుంటర్ సావర్‌బ్రై. బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పనిచేసే ఈ యువకుడు 1959లో, స్ఫటికం మీద పడిన పలుచని పొర బరువుకూ పౌనఃపున్యం తగ్గుదలకూ నేరుగా అనుపాతం ఉందని నిరూపించాడు. 5 మెగాహెర్ట్జ్ బిళ్ళ, సుమారు మిల్లీమీటరులో మూడో వంతు మందం గలది, ఒక్క హెర్ట్జ్ తగ్గిందంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 17.7 నానోగ్రాముల పదార్థం చేరినట్టు. శూన్యంలో లోహపు పూతలు వేసే పరిశ్రమలు దీన్ని వెంటనే అందుకున్నాయి. 1964లో ఎస్సో పరిశోధకుడు విలియం కింగ్ స్ఫటికానికి ఆవిరులను పీల్చే పూత పూసి, వాయువులను పసిగట్టే సాధనంగా మార్చాడు. 1972లో షాన్స్ బృందం రక్తరసంలోని ప్రతిరక్షకాలను స్ఫటికంతో తూచింది. అయితే ఎలా? స్ఫటికాన్ని ద్రవంలో ముంచి, బయటికి తీసి, ఆరబెట్టి, గాలిలో తూచారు. ద్రవంలో ఉండగానే తూచే పద్ధతి అప్పటికింకా రాలేదు.

1980లో ఆ గీత దాటారు. అమెరికాలో కొనాష్, బాస్టియాన్స్ ద్రవ క్రొమటోగ్రఫీకి శోధకంగా స్ఫటికాన్ని వాడారు. జపాన్‌లో షిన్షూ విశ్వవిద్యాలయపు నొమురా, ఆయన సహచరులు స్ఫటికాన్ని ద్రావణాల్లో పెట్టి, నీటిలోని వెండి వంటి లోహాల అతిస్వల్ప మోతాదులను తూచడం మొదలుపెట్టారు. అప్పటికి ట్రాన్సిస్టర్ డోలకాల బలం పెరిగింది. స్ఫటికానికి ఒక వైపే ద్రవం తగిలేలా అమర్చితే కంపనం ఆగదని కూడా తెలిసింది. అయితే వాళ్ళను కలవరపెట్టిన సంగతి వేరే ఉంది: ఏమీ అంటుకోకపోయినా, ద్రవం మారితే చాలు పౌనఃపున్యం మారిపోతోంది. తూకం కోసం వచ్చినవాళ్ళకు ఇది దోషం. దాన్ని పక్కకు నెట్టకుండా వరుసగా కొలిచి చూడటంలోనే నొమురా గొప్పతనముంది. 1982లో ఆయన, ఒకుహరా కలిసి ఎన్నో కర్బన ద్రవాల్లో స్ఫటికాన్ని ముంచి, మార్పు సాంద్రత వర్గమూలం మీదా స్నిగ్ధత వర్గమూలం మీదా ఆధారపడుతోందని అనుభవసూత్రం రాశారు. కారణం వాళ్ళు చెప్పలేదు, కొలతలు మాత్రం నిజాయితీగా ఇచ్చారు. ఈ రంగాన్ని పరిచయం చేసే పుస్తకాల్లో సావర్‌బ్రై పేరు మొదట వస్తుంది. ద్రవాల విషయానికొస్తే నొమురా పేరు ఆ పక్కనే ఉండాలి.

కారణం 1985లో దొరికింది. సాన్ హోసేలోని ఐబీఎం పరిశోధన కేంద్రంలో కెయిజీ కనజావా, జోసెఫ్ గోర్డన్ దాన్ని కాగితం మీద తేల్చారు. ఏటీ కోత బిళ్ళ ముఖాలు పైకీ కిందకీ ఎగరవు, తమ తలంలోనే పక్కలకు జారతాయి. తగిలివున్న ద్రవాన్ని తమతో లాగుతాయి. ద్రవం ఈ లాగుడును దూరం మోయలేదు. అలాంటి చలనాన్ని జార్జ్ స్టోక్స్ 1851లోనే లెక్కకట్టాడు. గాలి వల్ల లోలకాల ఊపు ఎంత దెబ్బతింటుందో తేల్చడానికి రాసిన ఆ సుదీర్ఘ వ్యాసంలో, తన తలంలోనే ఊగే పలక పక్కన ద్రవం ఎలా కదులుతుందన్న సమస్య కూడా ఉంది. నూట ముప్ఫై ఏళ్ళు గడిచాక ఆ లెక్క స్ఫటికానికి అతికినట్టు సరిపోయింది. 5 మెగాహెర్ట్జ్ దగ్గర, నీటిలో, స్ఫటికపు కదలిక చొచ్చుకుపోయే లోతు సుమారు 250 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో నాలుగువేలో వంతు. పాత్రలో లీటరు నీళ్ళున్నా, స్ఫటికానికి తెలిసేది ఆ పొర మాత్రమే.

సూత్రం చెప్పేదిది: పౌనఃపున్యం తగ్గుదల, సాంద్రతా స్నిగ్ధతల లబ్ధపు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. 5 మెగాహెర్ట్జ్ బిళ్ళ ఒక ముఖానికి 20 డిగ్రీల సెల్సియస్ నీరు తగిలితే తగ్గుదల సుమారు 714 హెర్ట్జ్. 25 డిగ్రీల నీటిలో అది సుమారు 673. అయిదు డిగ్రీల తేడాకే నలభై హెర్ట్జ్ మారిపోయాయి. నానోగ్రాముల కోసం వెతికేవారు ద్రవపు ఉష్ణోగ్రతను డిగ్రీలో పదో వంతుకన్నా కచ్చితంగా పట్టి ఉంచవలసింది ఇందుకే. ద్రవంలో పనిచేస్తూ సావర్‌బ్రై సూత్రాన్ని మాత్రమే పట్టుకుని, కనబడ్డ హెర్ట్జ్ అంతటినీ బరువుగా చూపించే పరిశోధనా పత్రాలు నేటికీ వస్తుంటాయి. అది తప్పు. మెత్తని పొర, చిక్కబడిన ద్రవం, వెచ్చబడిన నీరు, మూడూ ఆ ఒక్క అంకెలోనే కలిసిపోయి ఉంటాయి.

లబ్ధం అన్నమాటలోనే ఇంకో చిక్కుంది. చిక్కని తేలిక ద్రవానికీ, పలుచని బరువు ద్రవానికీ నునుపు స్ఫటికం ఒకే అంకె చూపించవచ్చు. అమెరికాలోని సాండియా జాతీయ ప్రయోగశాలలో స్టీఫెన్ మార్టిన్, గ్రెగరీ ఫ్రై, కర్ట్ వెస్సెన్‌డార్ఫ్ 1994లో ఈ ముడి విప్పారు. రెండు స్ఫటికాలు పక్కపక్కన పెట్టారు. ఒకటి నున్ననిది, రెండోదాని మీద సన్నని గట్లు. గట్ల సందుల్లో ఇరుక్కున్న ద్రవం స్ఫటికంతోపాటే గట్టిగా కదులుతుంది గనక అది తన బరువును, అంటే సాంద్రతను, చెబుతుంది. నున్ననిది లబ్ధాన్ని చెబుతుంది. రెండిటి తేడా తీస్తే సాంద్రత వేరు, స్నిగ్ధత వేరు. ఇదే బృందం వాహనాల ఇంజను ఆయిలు చిక్కదనాన్నీ, లెడ్ ఆసిడ్ బ్యాటరీలోని ఆమ్ల సాంద్రతను బట్టి మిగిలిన ఛార్జినీ చూసే సాధనాల మీద కూడా పనిచేసింది. బ్యాటరీ షాపుల్లో హైడ్రోమీటరు బల్బును నొక్కి ఆమ్లాన్ని పైకి లాగి చూసేది కూడా ఈ సాంద్రతనే.

ఆ రోజుల్లోనే స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఇంకో మార్గం తెరుచుకుంది. చామర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మైకేల్ రోడాల్, ఫ్రెడ్రిక్ హూక్, బెంగ్ట్ కసెమో తదితరులు పౌనఃపున్యంతోపాటు కంపనం ఎంత త్వరగా చచ్చిపోతుందో కూడా కొలిచారు. స్ఫటికానికి ఇస్తున్న విద్యుత్తును ఠక్కున ఆపేసి, మిగిలిన ఊపు తగ్గిపోయే తీరును నమోదు చేయడమే వారి పద్ధతి. నీటిలో 5 మెగాహెర్ట్జ్ బిళ్ళకు అది మిల్లీసెకనులో అయిదో వంతు పని. 1995లో పద్ధతి ప్రచురించారు, మరుసటి ఏడాదే క్యూసెన్స్ అనే సంస్థ పెట్టారు. 1998లో కెల్లర్, కసెమో కొవ్వు అణువుల బుడగలను ఈ స్ఫటికం మీదికి వదిలారు. పౌనఃపున్యం ముందు బాగా పడిపోయి, తర్వాత కొంత తిరిగి పెరిగి, సుమారు 26 హెర్ట్జ్ తగ్గుదల దగ్గర నిలిచింది. బుడగలు నీటితో సహా వచ్చి అంటుకోవడం, పగిలి లోపలి నీటిని వదిలేయడం, జీవకణపు పొరలాంటి చదునైన పరుపుగా పరుచుకోవడం, ఇవన్నీ సూక్ష్మదర్శిని లేకుండానే ఆ వక్రరేఖలో కనిపించాయి. ఒకనాడు స్ఫటికాన్ని పాడుచేస్తుందనుకున్న శక్తినష్టమే ఇక్కడ అసలు కొలత అయింది.

మరో శాఖ గడియారాల నుంచి వచ్చింది. 1969 డిసెంబరు 25న సీకో క్వార్ట్జ్ చేతిగడియారాన్ని అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాతి దశాబ్దంలో సెకనుకు 32,768 సార్లు కంపించే బుల్లి క్వార్ట్జ్ శ్రుతిదండాలు ఫొటో చెక్కుడు పద్ధతిలో గుట్టలుగా తయారయ్యాయి. వాటి రెండు కొమ్ములు వంగుతూ లేస్తూ ద్రవాన్ని పక్కకు తోస్తాయి గనక సాంద్రత పౌనఃపున్యంలో, స్నిగ్ధత ముఖ్యంగా కంపన క్షీణతలో కనబడతాయి. 2000 సంవత్సరం ప్రాంతంలో అమెరికన్ సంస్థ సిమిక్స్ ఇలాంటి దండాలతో ద్రవాల నమూనాలను వేగంగా పరీక్షించే పద్ధతి తెచ్చింది. చమురు బావుల లోపలికి దించే పరికరాల్లో కూడా ఈ దండాలు చేరాయి.

మన డిగ్రీ, పీజీ కళాశాలల ప్రయోగశాలల్లో అల్ట్రాసోనిక్ ఇంటర్‌ఫెరోమీటర్ ఇప్పటికే ఉంది. దాని పక్కన ఈ శ్రుతిదండాన్ని కూడా పెట్టమని అధ్యాపకులను కోరాలి. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అది కొన్ని రూపాయలకే దొరుకుతుంది. పైనున్న లోహపు తొడుగును జాగ్రత్తగా తీసేసి, విద్యుత్తును పోనివ్వని కిరోసిన్, కొబ్బరినూనె, ఆముదం వంటి ద్రవాల్లో ఒక్కొక్కదానిలో ముంచి, సిగ్నల్ జనరేటరుతో, ఆసిలోస్కోపుతో అనునాదం ఎక్కడికి జారిందో, శిఖరం ఎంత వెడల్పైందో విద్యార్థుల చేతే గీయించవచ్చు. మామూలు నీరు విద్యుత్తును కొంత పోనిస్తుంది కాబట్టి దానితో మొదలుపెట్టకండి. ఆముదంతో శిఖరం దాదాపు చదునైపోతే భయపడి పక్కన పెట్టకండి, ఆ వక్రరేఖను కూడా రికార్డు పుస్తకంలో గీయించండి.